వెనక ఎవరు కూర్చుంటారు

జాకీ మీద లేపీ లేపగానే
నీ వెనక స్ప్రింగు జారి నా చేతిలో పడింది, ఇగ్షాన్,
పాలపన్ను ఊడినంత తేలిగ్గా.
గ్రైండరు పెట్టి మూడు చుట్లు కోశావు.
కోసిన చోట ఇనుము ఇంకా నీలంగా ఉంది
దెబ్బ తగిలిన గోరులా.

అథ్లోన్‌లో ఈ షెడ్డు ఇరవై రెండేళ్లుగా నాది.
బోర్డు మీద ఇంకా మా అన్న పేరే,
రంగు వేయించడానికి తీరిక చిక్కలేదు.
"గదీజా ఆంటీ, రోడ్డుకీ నా గోల్ఫుకీ మధ్య
సిగరెట్టు పెట్టె కూడా పట్టకూడదు" అంటావు.
పట్టకపోతే గొప్ప ఎవరికి? పెట్టెకా?
నేల విడిచి సాము చేయొద్దన్నారు గానీ
నేలను నాకుతూ చేయమని ఎవరన్నారు?

ఎత్తక ముందే డిక్కీ మీద చేతులేసి నొక్కాను.
దిగాలి, లేవాలి, నిలవాలి.
మూడే మాటలు.
నీది నాలుగోది మాట్లాడింది, ఐదోది కూడా,
మైకు చేతికి చిక్కిన పెళ్లివారి బాబాయిలా.

ఇలా వంగి చూడు.
ఈ షాకు ఫ్యాక్టరీ పొడవుది.
బండి పొట్టిదయింది, ఇది పొడుగ్గానే ఉండిపోయింది.
అన్న చొక్కా తమ్ముడికి తొడిగితే చేతులు వేలాడతాయి.
ఈ కడ్డీకి వేలాడే చోటెక్కడ?
అడుగుకు గుద్దుకుని గుద్దుకుని
రబ్బరు అడ్డును నమిలి మింగేసింది.
ఈ తడి నూనె.
షాకు ఏడిస్తే ఇంతే, చప్పుడుండదు,
దుమ్ము పట్టి నల్లబడుతుంది.
ఊగడం స్ప్రింగు పని, ఆగడం షాకు పని.
ఊగేదాన్ని కురచ చేశావు, ఆపేదాన్ని మరిచావు.

బల్ల మీద మూడు జతలు పెట్టాను.
అరవై మిల్లీమీటర్లు దించేవి, నీ కళ్లు అక్కడే ఉన్నాయి.
నలభైవి.
మూడోది మర తిప్పితే ఎత్తు మారేది,
దాని ధర చెబితే కూలబడతావు, ముందే కూర్చో.
ధర తర్వాత. ఇది చెప్పు,
వెనక ఎవరు కూర్చుంటారు?

"ఎవరూ కూర్చోరు" అన్నావు, మరీ త్వరగా.
మరి సీటు పట్టుకుంటే నా వేళ్లు అతుక్కున్నాయేం?
కార్పెట్టు మడతలో కొబ్బరి కోరు,
సోంపు వాసన, ఎండిన నారింజ తొక్క వాసన,
స్పీడు బ్రేకర్ల దగ్గర ఒలికిన పాకం.

చెవులు ఎర్రబడ్డాయి నీకు.
ఆదివారం ఆరింటికి మీ అమ్మ
ఒళ్లో ఒక బేసిను, పక్కన ఒక బేసిను
వేడి కోసిస్టర్లతో బోంటహ్యూవెల్ సందులన్నీ తిరుగుతుందని
గొంతు తగ్గించి చెప్పావు.
ప్రతి గతుకుకీ "యా అల్లా" అంటుందనీ
నువ్వు పాట సౌండు పెంచుతావనీ చెప్పలేదు.
అది నేనే అనుకున్నాను.

మీ అమ్మ ఎంత ఉంటుంది?
నవ్వకు. కిలోల్లో కావాలి నాకు.

నలభైది తీసుకో.
చుట్లు చూడు, ఒక కొసన దగ్గర దగ్గరగా, ఇంకో కొసన ఎడంగా.
ఖాళీ బండికి మెత్తన, బరువు పడేకొద్దీ గట్టి.
వంగుతుంది, కుంగదు.
వంగడానికీ కుంగడానికీ తేడా ఇరవై మిల్లీమీటర్లు.
ఆ ఇరవైతోనే ఈ షెడ్డు అద్దె కడుతున్నాను.
దీనికి జోడు పొట్టి కడ్డీ షాకే, బేరం లేదు.
శనివారం రాత్రి నీ జట్టు నిన్ను ట్రాక్టరంటుంది.
అననీ.
టైరుకీ అంచుకీ మధ్య రెండు వేళ్లు పడితే
పరువు పోదు.

ఇదిగో, పై నట్టు పూర్తిగా బిగించాను.
కింది బోల్టు సగమే.
దాన్ని గాల్లో ఉండగా బిగించకూడదు.
వేలాడే కాలికి కొలిచిన చెప్పు నడకలో కరుస్తుంది.
రబ్బరు బుష్షు ఎలా ఉండగా బిగిస్తే
అలా ఉండటమే నిలబడటం అనుకుంటుంది,
కిందికి దించగానే మెలిపడి చిరుగుతుంది.

కాబట్టి ఫోను తియ్యి. మీ అమ్మను రమ్మను.
బేసిన్లు కూడా తెమ్మను, పాకం బదులు నీళ్లు పోద్దాం.
ఆమె వెనక సర్దుకుని కూర్చున్నాక
నాలుగు చక్రాలూ నేలకు ఆనాక
పానా పట్టుకుని నేను కిందికి దూరతాను.

నేను బయటికి వచ్చేదాకా
పైన ఎవరూ కదలొద్దు.