బొటనేలు

సల్మాబాద్ క్యాంపుల పొద్దుగాల నాలుగున్నర.
గోడకున్న మిషిను మీద బొటనేలు పెడితే
ఎర్ర లైటు. మళ్ల పెడితే, మళ్ల ఎర్రనే.
ఐదేండ్ల సంది నన్ను గుర్తువట్టిన అద్దం
ఇయ్యాల నేనెవర్నో తెల్వదంటది.

ఏలి మీద పులిపిరి.
ముందుగాల ఆవగింజంత, తర్వాత శెనగపప్పంత,
నడుమ నల్లటి సుక్కలు.
నా గీతలన్ని దాని దాకా వచ్చి
బండకు తాకిన వాగు లెక్క పక్కకు పోతున్నయి.

ఫోన్ల అవ్వ చెప్పింది:
గుర్రం తోక ఎంటిక కట్టు, సున్నం బెల్లం పెట్టు.
బహ్రెయిన్‌ల గుర్రాలు షేకులయి,
వాటి తోకల కాడికి నన్నెవరు పోనిస్తరు.

రెండు దినాల కూలి కట్ అయినంక క్లినిక్కుకు పోయిన.
కేరళ నర్సు జిన్సీ హిందీల చెప్పింది:
ఇది వైరస్. తడి నేల మీదికెళ్లి వస్తది,
ఒకరి తువ్వాల, ఒకరి బ్లేడు,
చిన్నగ గీరుకుంటే చాలు, లోపలికి పోయి
నెలలకు నెలలు సప్పుడు జేయకుంట కూసుంటది.

ఆ రాత్రి రూముల పంచాయితి.
పన్నెండు మందిమి, ఒక్కటే బాత్రూం.
ఎవని కాళ్లకు ఆనెలున్నయి, ఎవడు ఎవని సబ్బు తీసిండు.
మొక్లేస్ తన చెప్పులు మంచం మీదికి ఎక్కించిండు.
దిల్ బహదూర్ అరచెయ్యి చూపెట్టలేదు.
నేను అడగలేదు.
ఎన్నిసార్లు ఎవని గ్లౌజులు తొడిగిన్నో నాకే యాదికి లేదు.

గంగరాజం పెద్దాయన అంగీ ఇప్పిండు.
వీపు నిండ గోధుమ రంగు మచ్చలు,
మైనం సుక్కలు అతికిచ్చినట్టు.
"మరి ఇవి?"

మల్లొక్కపారి పోయినప్పుడు అడిగిన.
డాక్టరు ఫోన్ల ఫోటో జూసి నవ్విండు:
భయం లేదు, వయసుకొస్తయి.
వీటికీ వైరసే కారణమా అని వెతికిండ్రు,
కొందరికి దొరికిందంటరు, కొందరికి దొరకలే.
ఇంకా తేలలేదు.

"తేలలేదా!" అని ముసలాయన మురిసిండు,
డాక్టర్లకు తెల్వనిది ఒకటి
తన వీపు మీద ఉన్నదని.

నాకు చల్లటి పొగతోని కాల్చిండ్రు.
బొబ్బ లేసింది, నల్లగై రాలింది.
కింద గులాబి తోలు, పసిపిల్ల ఏలు లెక్క.
మిషిను మీద పెట్టిన.
ఎర్రనే.

ఆఫీసోళ్లు ఎడమ చిటికెనేలు రాసుకున్నరు.
ఇప్పుడు నా తరఫున డ్యూటీకి అదే పోతది.
రాత్రి గంగరాజం వీపుకు నూనె రాయమంటే
ఈ కొత్త తోలుతోనే రాస్తున్న, మచ్చ మచ్చ మీదికెళ్లి.
"ఏమన్న తేలిందారా?" అంటడు కండ్లు మూసుకొని.
"ఇంకా లేదే."
"కొంచెం కిందికి," అంటడు.