ఖాళీని పూరింపుము

"మన పక్కన ఉన్నవారిని ............ తో చూడవలెను."
ఐదో తరగతి, నీతిబోధ పరీక్ష, ఒక మార్కు.
ప్రేమ, అని రాశాను.
ఉపదేశి కూతుర్ని, ఆ మాత్రం రాదా.
పదికి పది. పక్కన ఎర్రసిరా నక్షత్రం.

ఆ మధ్యాహ్నమే బెంచీ మీద
నాకూ సుకాంతికీ నడుమ నా సంచీ పెట్టాను,
దాని మీద అన్నం డబ్బా,
దాని మీద నీళ్ళ సీసా.
గోడ.

సుకాంతి వాళ్ళ నాన్న ఒరిస్సా నుంచి వచ్చి
చీమకుర్తి క్వారీలో రాళ్ళకు బెజ్జాలు వేసేవాడు.
ఆ పిల్లకి మా మాటలు సగం రావు.
దాహమేస్తే నోటి దగ్గర దోసిలి పెట్టేది.
జడలో మాత్రం అందరికీ తెలిసిన భాష:
పేలు.

ఒంటిగంటకి సైరన్ మోగేది. ఆ వెనకే పేలుడు.
కిటికీ రెక్కలు వణికేవి.
గోడ మీద మరియమ్మ పటం కాస్త పక్కకి ఒరిగేది.
లిసమ్మ సిస్టరు రోజూ స్టూలెక్కి సర్దేది,
"ఈ తల్లికీ నడుం నొప్పే" అని
మలయాళం కలిసిన తెలుగులో.

మా ఊరి నల్లరాయిలో బంగారు చుక్కలుంటాయి.
రాయి ఓడలెక్కి పోతుంది.
దుమ్ము మాకు, రెప్పల మీదా పెరుగన్నం మీదా.
విభూది బుధవారం నాడు నొసట బూడిద రాస్తుంటే
ఇన్నయ్య గాడు అననే అన్నాడు,
"మాకు రోజూ బుధవారమే గదా ఫాదర్."
ఫాదరు నవ్వలేదు.
తర్వాత వంటింట్లో నవ్వారంట.

ఆ శనివారం ఒంటిపూట బడి.
చేతులు కట్టుకుని వెళ్ళి చెప్పాను:
"సుకాంతిని వేరే బెంచీకి మార్చండి సిస్టర్,
నాకంటుకుంటాయి."
తిడుతుందనుకున్నా. వాక్యం చెబుతుందనుకున్నా.
నా జవాబు పత్రం ఎత్తుతుందేమోనని
ముందే చెవులు కాలాయి.

ఏమీ అనలేదు.
వరండాలో పీట వేసింది.
ముసుగు అంచు వెనక్కి దోపుకుంది.
వేపనూనె గిన్నె, తెల్లగుడ్డ, పేల దువ్వెన.
సుకాంతిని ముందు కూర్చోబెట్టుకుని
"ఇదిగో, నువ్వు గుడ్డ పట్టుకో" అంది.

పట్టుకున్నాను, మొహం అటు తిప్పి.
దువ్వెన దిగినప్పుడల్లా
తెల్లగుడ్డ మీద నల్లచుక్కలు నడిచేవి.
గోటి మీద గోరు. టిక్.
చిక్కు తగిలితే ఆగేది,
పైన కుదురు గట్టిగా పట్టుకుని
కొసల నుంచి విప్పుకుంటూ వచ్చేది,
లాగుడు మాడు దాకా పోకుండా.
చిక్కు అలా కూడా తీస్తారని నాకు తెలీదు.
మా అమ్మ లాగేసేది.

మెడ వెనక, వెంట్రుకల కింద, రెండు పుళ్ళు.
గోకి గోకి.
సిస్టరు అక్కడ వంగి ఊదింది.
సుకాంతి ఏదో అంది ఒరియాలో.
సిస్టరు ఏదో అంది మలయాళంలో.
ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది.
తెలుగొచ్చిన దాన్ని నేనొక్కదాన్నే
మాట లేకుండా నిలబడ్డాను.

అయిపోయిందని గుడ్డ మడుస్తుంటే
"ఇప్పుడు నువ్వు కూర్చో" అంది.
"నాకు లేవు సిస్టర్."
"చూద్దాం."

ఉన్నాయి.
ఎవరి నుంచి ఎవరికో
ఎవరు చెప్పగలరు.

ఈసారి గుడ్డ సుకాంతి పట్టుకుంది.
మొహం తిప్పలేదు.
టిక్కుమన్నప్పుడల్లా లెక్కపెట్టింది, తెలుగులో:
ఒకటి, రెండు, మూడు...
పది తర్వాత ఆగిపోయింది.
పదకొండు, అన్నాను నేను.
పదకొండు, అంది.
ఆ రోజు ఇరవై మూడు దాకా నేర్చుకుంది.

వేసవి సెలవుల తర్వాత వాళ్ళు రాలేదు.
క్వారీ మారారన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలీదు.

నేనిప్పుడు దర్శిలో చిన్నపిల్లలకి చెబుతున్నాను.
ఆ ప్రశ్న ఇంకా పేపర్లో వస్తూనే ఉంది.
అందరూ సరిగ్గానే రాస్తారు.
మార్కు వేస్తాను,
నక్షత్రం మాత్రం వెయ్యను.
శనివారం దాకా ఆగుతాను.