ఒలిచిన అంకె

వార్దో రేవులో నవంబరు ఆఖరున పోయిన సూర్యుడు
జనవరి దాకా మొహం చూపించడు.
చేపల గిడ్డంగి పక్క గదిలో మేమిద్దరం,
పదకొండు సర్వర్లు, ఒక కాఫీ కెటిల్.

ఓస్లౌగ్‌కి అరవై రెండు.
ఒకప్పుడు ఈ రేవులోనే తూకం గుమస్తా.
కాడ్ చేపని కాటా మీద వేసి, ముల్లు నిలిచేదాకా ఆగి,
చీటీ మీద గుండ్రటి అంకెలు రాసేది.
"చీటీ లేని తూకం పుకారు" అంటుంది ఇప్పటికీ.

కెర్నెల్ దగ్గరా ఆమెకి చీటీలే కావాలి.
ఆ ఫైళ్ళు చిత్రమైనవి. సైజు చూస్తే సున్నా.
ఎవరూ అడగనంతసేపూ అవి లేవు.
అడిగిన క్షణాన కెర్నెల్ కూర్చుని రాస్తుంది:
ఖాళీ మెమరీ ఇంత, నిద్రపోతున్న ప్రాసెస్‌లు ఇన్ని,
ఫలానాది ఎవరి బిడ్డ, ఎంతసేపటి నుంచి బతికుంది,
అంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు.

నాకు ముప్పై. నాకు ఓపిక లేదు.
సెకనుకి నలభై వేల పళ్ళు ఒలవాలంటే
కెర్నెల్‌కైనా గోళ్ళు అరగవా?
లోపల అంకె అంకెగానే ఉంది.
దాన్ని అక్షరాల్లోకి దించి, గడప దాటించాక
ఇవతల నా ప్రోగ్రాం ఆ అక్షరాల్ని నలిపి
మళ్ళీ అదే అంకె చేస్తుంది.
"ఈ రాయడమెందుకు, చెరపడమెందుకు?
ఉన్నదున్నట్టు ఎనిమిది బైట్లు ఇచ్చెయ్యమను" అన్నాను.
ఆమె కాఫీ ఊదుకుంటూ,
"ఇస్తుంది. తీసుకున్నాక
అదేమిటని ఎవర్నడుగుతావు?"

రాశాను నా బైనరీ రీడర్ని.
పన్నెండు శాతం తినే నిఘా ఒక శాతానికి దిగింది.
వారం పాటు చెప్పినవాళ్ళకే చెప్పాను.

ఆ పై మంగళవారం రాత్రి కెర్నెల్ మారింది.
ఎవరో, ఎక్కడో, మధ్యలో ఒక కొత్త గడి చేర్చారు.
నాలుగు బైట్లు. అంతే.
పంక్తిలో ఒకడు సర్దుకుని కూర్చుంటే
ఎవరి విస్తరి ముందు ఎవరున్నారో తెలియనట్టు
నిద్రపోయేవాళ్ళ లెక్క మెమరీ అయింది,
మెమరీ ఎవరిదో వయసయింది.
నా స్క్రీన్ మీద ఎర్ర గీత ఒక్కటీ లేదు.
బయట మైనస్ ఆరు.
లోపల చేపలకి మైనస్ ఇరవై ఐదు కావాలి.
చలియంత్రాల్ని నడిపే ప్రోగ్రాం
మెమరీ దొరక్క చచ్చి అప్పటికే గంటన్నర.

ఓస్లౌగ్ మంచు బూట్లతోనే లోపలికొచ్చింది.
సీరియల్ తీగ తగిలించి,
నా పనిముట్లేవీ ముట్టుకోకుండా
ఒక చిన్న కమాండ్, ఒక ఫైలు పేరు.
కొత్త గడి అక్కడా ఉంది,
తన పేరు తాను చెప్పుకుని, ఓ కొత్త వరసలో.
మిగతా వరసలు ఎక్కడివక్కడే.
వేలు పెట్టి చదివింది, కాటా ముల్లు చూసినట్టు.
ఆరు నిమిషాల్లో యంత్రాలు మళ్ళీ గురక పెట్టాయి.

ఇక్కడే ఆపేస్తే ఆమె గెలిచినట్టు.

మార్చిలో, వెలుతురొచ్చాక,
స్టూర్లా అనే కుర్రాడు సరదాకి
తన ప్రోగ్రాం పేరు మధ్యలో
ఒక మూసిన బ్రాకెట్, ఒక ఖాళీ పెట్టాడు.
పదిహేనేళ్ళ నాటి ఓస్లౌగ్ స్క్రిప్టు
పేరు అక్కడే అయిపోయిందనుకుంది.
ఇక గడులన్నీ పక్కకి ఒకటి.
బతికున్నదాన్ని చచ్చిందని తేల్చి
దాని చోట ఇంకోదాన్ని లేపింది.
రెండూ ఒకే తలుపు తెరవబోయి కొట్టుకున్నాయి.
ఆమె నవ్వలేదు. ఆ వరసనే చాలాసేపు చూసి
"పేరు కూడా అబద్ధమాడుతుందన్నమాట" అంది.

ఇప్పుడు నా బైట్లు ముందుగా తమ పొడవు చెప్తాయి,
తెలియని పొడవైతే నోరు మూసుకుంటాయి.
ఆమె స్క్రిప్టు బ్రాకెట్‌ని కుడి చివరి నుంచి వెతుకుతుంది.
ఎవరి భయం వాళ్ళం దిద్దుకున్నాం.

జూన్‌లో ఓస్లౌగ్ వెళ్ళిపోయింది, పడవ రంగులు వేయడానికి.
సీరియల్ తీగకి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది.
దాని మీద తీగ వేగం, పెన్సిల్‌తో, గుండ్రటి అంకెల్లో.
ఆ వేగం నాకు కంఠతా వచ్చు.
అయినా తగిలించే ముందు ప్రతిసారీ
అట్ట తిప్పి చదువుతాను.