తీలా

సమోరాలో తీలా తాగే అలవాటు ఎవరికీ లేదు,
అనే అలవాటు ఉంది.

లిండెన్ పూలు ఎండబెట్టి వేడినీళ్ళలో వేస్తే
దిగే లేత గడ్డిరంగు కషాయం.
చెట్టు తీలో, కషాయం తీలా.
నిఘంటువులో ఇంతే ఉంది.
ఓబ్దూలియా బార్లో ఇంకా చాలా ఉంది.

నాలుగోసారి డ్రైవింగ్ పరీక్ష తప్పి
నూరియా తలుపు ధడాలున తోసుకొస్తే, తీలా.
తన చోట్లో ఎవడో కారు పెట్టాడని
నోటరీ గుమస్తా కసిల్దా
వాడి ముత్తాతల దాకా తిట్టుకుంటూ పోతే, తీలా.
టీవీలో రిఫరీ ఈల మింగేశాడని
ఫెర్మీన్ కుర్చీ ఎక్కి వీరంగం వేస్తే
గ్లాసు తుడుస్తూ, తలెత్తకుండా, ఓబ్దూలియా:
"ఒక తీలా తాగు, నాయనా."

అంటే తాగమని కాదు.
కుర్చీ దిగమని,
ఇంకో బీరు పొయ్యనని,
నీ కోపం మాకు ముద్దొస్తోందని.
ఒక్కోసారి,
నువ్వు ఓడిపోయావని.

నాకు ఆ దీర్ఘం ఒక్కటే అడ్డు.
అది జారిందా, నా భాషలో నువ్వులు.
పోయినవాళ్ళ పేరు చెప్పి
బొటనవేలి పక్కనుంచి వదిలే నీళ్ళలో తిల.
ఎవరినెవరు శాంతించమన్నా
నా చెవి ఒక్క క్షణం
ఎవరు పోయారా అని చుట్టూ చూసేది.

ఈ సంగతి ఓబ్దూలియాకి చెప్పడం నా తప్పే.
ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.
మర్నాటికి రొట్టెల కొట్టు దాకా పాకింది:
పై వాటా పరదేశి ఊళ్ళో
చచ్చినవాళ్ళకి తీలా పోస్తారట,
బతికున్నవాళ్ళకే పనిచెయ్యదు కదా, వాళ్ళకేం పనిచేస్తుంది?

జూన్‌లో బార్ ఎదుట చెట్లు పూస్తాయి.
ప్రతి గుత్తికీ పాలిపోయిన ఆకొకటి, రెక్కలా.
కాలిబాట జిగురై చెప్పులు పట్టుకుంటుంది.
ఒకప్పుడు కసిల్దా వాళ్ళమ్మ కింద దుప్పటి పరిచి దులిపేదట.
ఇప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు నీళ్ళు కొట్టి కడిగేస్తారు.

నవంబరులో ఓ గురువారం ఫోను మోగింది.
ఓబ్దూలియా వింది. "సరే" అంది.
కాసేపాగి మళ్ళీ "సరే" అంది. పెట్టేసింది.
గుడ్డ తీసుకుని కౌంటర్ తుడిచింది.
తుడిచినచోటే తుడిచింది.
బార్లో పదకొండుమందిమి.
అందరి నాలుక చివరా ఒకటే మాట,
ఎవరమూ అనలేదు.

ఫెర్మీన్ లేచాడు.
ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి
కౌంటర్‌కి అటువైపు వెళ్ళాడు.
నీళ్ళు పెట్టి డబ్బాలన్నీ వెతికాడు.
కాఫీ యంత్రం వెనక దొరికింది పొట్లం,
గడువు దాటి నాలుగేళ్ళు,
మూతి మీద కాగితం కూడా చింపలేదు.

కప్పు ఆవిడ ముందు పెట్టాడు.
"ఏమిటిది?"
"వేడినీళ్ళు" అన్నాడు.
ఆవిరిలో ఏదో పాత జూన్,
కాస్త తేనె, కాస్త గడ్డి, కాస్త అట్టపెట్టె.
ఆవిడ అడుగుదాకా తాగింది.
ఆ రాత్రి మెట్లెక్కుతూ
నా బొటనవేలు వంక చూసుకున్నాను, ఊరికే.

ఫోనులో ఏం చెప్పారో
ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు.
ఒక్క గింజ
ఆ నోట్లో నానుతూ ఉండిపోయింది.

మూడు ఆదివారాల తర్వాత
లేని పెనాల్టీ ఇచ్చాడు రిఫరీ.
ఫెర్మీన్ కుర్చీ ఎక్కాడు,
సగంలో గుర్తొచ్చి ఆగాడు, ఒక కాలు గాల్లో.
మేమంతా ఆట వదిలేసి ఆవిడ వైపు తిరిగాం.

గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసింది.
ఇంకా మరక ఉందేమో, మళ్ళీ తుడిచింది.
"ఒక తీలా తాగు, నాయనా."
గొంతు కొంచెం బొంగురుగా ఉంది.

"సరే, పెట్టు" అన్నాడు ఫెర్మీన్.