లోపలి రేకు మీద పెన్సిల్

ముందు కాసేపు నడవనీ, అన్నాడు తౌనో.
చలికి బిగుసుకున్న ఆయిల్ బయటికి రాదు,
వచ్చినా మురికిని లోపలే వదిలేసి వస్తుంది.
బయట మైనస్ పందొమ్మిది.
షెడ్డు గోడకి ఆనించిన సమాధి రాళ్ళు
పేర్ల కోసం వరసలో నిలబడ్డాయి.

లాహ్తిలో మూతబడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీ వేలంలో
ట్రాలీ బాడుగతో సహా తొమ్మిది వందల యూరోలకి
దొరికింది ఈ స్క్రూ కంప్రెసర్.
ముప్పై ఒక్క వేల నాలుగొందల మూడు గంటలు, అంటోంది మీటరు.
మీటరు చెప్పేది మీటరు చెబుతుంది,
మా నమ్మకం ఆయిల్ మీద.

పది నిమిషాలు గుర్రు పెట్టింది. ఆపాను.
ప్రెషర్ ముల్లు సున్నాకి దిగింది.
దిగాక కూడా ఆగమన్నాడు.
సున్నా చూపించిన ముల్లుని నమ్మి
వాళ్ళ బావమరిది ఆర్నెల్లు ఎడంచేత్తో సంతకాలు పెట్టాడట.
బిరడా అర చుట్టు. మరో అర చుట్టు.
బుస్సుమంది,
ఉండనే ఉంది దాచుకున్న ఒక గుక్క.

తారు కాదు, ఆముదం కాదు.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీస్తే
తీగపాకం. రాకూడదు.
ముక్కు దగ్గర మాడు వాసన,
దాని అడుగున, నా భ్రమే కావచ్చు,
దాల్చినచెక్క.
రెండు జాతుల ఆయిల్ కలిపాడు ఎవడో, అని
ఎవడో తెలీకుండానే తిట్టాడు తౌనో.

ఫిల్టర్ కోసం పక్క రేకు విప్పాల్సొచ్చింది.
లోపలి వైపు పెన్సిల్ రాత.
చిన్న అక్షరాలు, నిటారుగా,
మా రాళ్ళ మీద కూడా అంత తిన్నగా రావు:

4,000. మార్చాను. శుభ్రం.
8,000. మార్చాను. సెపరేటర్ కూడా.
12,100. వంద గంటలు ఆలస్యం. తప్పు నాదే.
16,000. మార్చాను. ఎడమ మోకాలు బాగాలేదు.
20,000. మార్చాను.
24,000. ఆయిల్ అడిగాను.
24,600. మళ్ళీ అడిగాను.
25,300. ఇచ్చింది పోశాను. ఇది కాదని నాకు తెలుసు. వి.ఎస్.

ఆ తర్వాత ఖాళీ రేకు.
కళ్ళద్దాలు నుదుటి మీంచి దించి
తౌనో రెండుసార్లు చదివాడు.
తిట్టు వెనక్కి తీసుకోలేదు గానీ
కాఫీ పెట్టడానికి వెళ్ళాడు.

రెండు విడతలు పోసి, నడిపి, దించాం.
మూడో విడతకి గాజుకంట్లో
వడకట్టిన నెయ్యి.
కొత్త సెపరేటర్ గాస్కెట్‌కి చిన్న ఇనప పిన్ను గుచ్చి ఉంది,
ఎవరో మర్చిపోయారని పీకబోయాను.
చెయ్యి పట్టుకున్నాడు.
లోపల పుట్టే నిప్పురవ్వకి
నేలలోకి దారి అదొక్కటేనట.

గాలి పీల్చే నోట్లో గ్లాసెడు ఆయిల్ పోసి
స్క్రూలు తడిసేదాకా పుల్లీని చేత్తో తిప్పాను.
పొడి గొంతుతో ఎవర్నీ మాట్లాడమనకూడదు.

మీట నొక్కాను.
ఒక దగ్గు. తర్వాత
పక్క మనిషి మాట వినపడేంత చప్పుడు.
గొట్టం చివర ఇసుక లేచింది.
సోమవారం నుంచి 'హిల్' దగ్గరే ఆగిపోయిన ఆవిడకి
మిగిలిన 'కా' దక్కింది.

రేకు బిగించే ముందు
రాళ్ళకి గుర్తులు పెట్టే పెన్సిల్ తీశాను.
31,409. మార్చాను. సరైనదే.
సంతకం పెట్టబోయి మానేశాను,
పొద్దస్తమానం పేర్లేగా.
అడుగున ఇంకా జానెడు రేకు ఉంది.