ఉప్పు లేని నీళ్ళు

కుట్టుమిషను వరండాలోకి జరిపి
రెండు మడత మంచాలు వేశాను.
పది రోజులు, ఇద్దరు పిల్లలు.
స్కూలు కాగితంలో అతిథి విద్యార్థులు అని ఉంది.
నేను బాకీ అని చదువుకున్నాను.

మాల్దీవుల్లో ఒక దీవి.
ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అనేంత.
అక్కడ నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను.
వెళ్ళిన వారంలోనే
బావి నీళ్ళతో ఎసరు పెట్టుకుని
ఉప్పు వేయకుండానే ఉప్పుకషాయమైన అన్నం ముందు
కూర్చుని ఏడుస్తుంటే
పక్కింటి హవ్వా దత్త,
వాళ్ళ భాషలో దత్త అంటే అక్క, దత్తత కాదు,
జరిగింది మాత్రం అదే,
వానతొట్టిలోంచి బిందెడు పట్టుకొచ్చి
గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.
ఏమీ అనలేదు. అన్నా నాకు అర్థమయ్యేది కాదు.
ఎండలు ముదిరి తొట్టి అడుగు కనపడే రోజుల్లోనూ
నా బిందె నాకు వచ్చేది.
నేను ఇంగువ పోపు పెడితే మాత్రం
సగం దీవి ముక్కు మూసుకునేది.

దిగిన రోజే నజ్వాని అడిగాను,
హవ్వా దత్త తెలుసా అని.
ఆ పేరుతో మా దీవిలోనే ఏడుగురున్నారు మిస్, అంది.
యుష్రా నవ్వాపుకోడానికి దిండు కరిచింది.
సరే. ఏడుగురిలో ఎవరో ఒకరు.

వాళ్ళు తెచ్చుకున్న ఎండుచేప పొడి డబ్బా మూత తీస్తే
పై వాటా కనకవల్లి గారు
కిటికీ రెక్క గట్టిగా వేశారు.
నేను మా కిటికీ తెరిచాను.
గోంగూర ఒకసారి నోట్లో పెట్టుకుని యుష్రా
గ్లాసు కోసం చెయ్యి చాపింది. మళ్ళీ పెట్టుకుంది.

మధురానగర్ గేటు పడింది.
అందరూ హారన్లు కొడుతున్నారు, తిడుతున్నారు,
వీళ్ళిద్దరే ఆటోలోంచి తలలు బయటపెట్టి
గూడ్సుబండి పెట్టెలు లెక్కపెడుతున్నారు.
యాభై ఆరు అని ఒకతె, యాభై ఏడని ఒకతె.
గేటు లేస్తుంటే నజ్వా ముఖం వాడిపోయింది.
ఈ ఊళ్ళో పుట్టి పెరిగాను,
గేటు లేచినందుకు దిగులుపడ్డ మనిషిని
మొదటిసారి చూశాను.

మా పేట కృష్ణలంక.
లంక అంటే దీవే అని చెప్పాను.
మరి అంచు చూపించండి అన్నారు.
వరదగోడ చూపిస్తే సరిపోలేదు,
ఘాటు దాకా తీసుకెళ్ళాల్సి వచ్చింది.

సాయంత్రం. బ్యారేజీ మీద దీపాలు ఇంకా వెలగలేదు.
వద్దు, జ్వరమొస్తుంది, అని అంటూనే ఉన్నాను,
నజ్వా దోసిట్లో ముంచి నాలుక ఆనించింది.
నీళ్ళని చూసింది. అవతలి ఒడ్డు చూసింది.
ఇందులో ఉప్పు లేదు.
లేదమ్మా.
ఇదంతానా?
ఇదంతా.
ఇన్ని ఎవరు పట్టిపెట్టారు మిస్?

కనుమల్లో ఎక్కడో పుట్టిందన్నాను,
హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుందన్నాను.
మొదటిది విన్నారు.
రెండోది నమ్మలేదు.
సముద్రంలోకి వదిలేస్తారా? అంది యుష్రా,
పాల గిన్నె ఎవరో తన్నేసినట్టు.
ఇరవై రెండేళ్ళుగా లెక్కల టీచర్ని.
జవాబు దొరకలేదు.

ఎనిమిదో రాత్రి అకాలవర్షం.
చప్పుడుకి లేచి చూద్దును గదా
చూరు కింద వరసగా
బిందె, రెండు బకెట్లు, కుక్కరు, పప్పుగుత్తి గిన్నె,
దేవుడి దగ్గరి రాగిచెంబు,
చివరికి కుట్టుమిషను మూత బోర్లించి మరీ.
మధ్యలో ఇద్దరూ తడిసి ముద్దై
ఒక్కొక్కటి నిండగానే జరుపుతున్నారు,
ఒక్క చుక్క నేల మీద పడనీకుండా.
నేనూ కొంగు బిగించి
ఇడ్లీ పాత్ర తెచ్చాను.

తెల్లారి ఆ నీళ్ళతోనే ఎసరు పెట్టాను.
మెట్లు దిగుతూ కనకవల్లి గారు ఆగారు.
ఏమ్మా, కుళాయి రాలేదా?

వచ్చిందండీ, అన్నాను.