ఏడో నంబరు మిషను

పదకొండు కంప్యూటర్లు, నలభై రెండు మంది.
రెండు పలకవు.
ఒకటి పలుకుతుంది గానీ దానికి 'ఎన్' రాదు.
ఆదోని డిగ్రీ కాలేజీలో
గంటకింతని జీతం తీసుకునే నేను
మొదటిరోజు చెప్పే పాఠం ఒకటే:
చెప్పులు బయట విడవండి, భయం కూడా.

ఉరుకుందమ్మ మౌస్‌ని బల్ల మీంచి పైకెత్తి
గాల్లో పట్టుకుని తెరకు చూపించింది.
బాణం కదల్లేదు.
"ఇది నా మాట ఇంటల్లేదు సార్."
వెనక బెంచీలో నవ్వు.
దించు తల్లీ, బల్లకు ఆనించి నడుపు,
జొన్నరొట్టె తట్టేటప్పుడు
చెయ్యి ఎంత బరువేస్తావో అంతే, అన్నాను.
ఆ రోజు నుంచి
నాకంటే నున్నగా నడుపుతోంది.

వర్డ్‌లో మొదటి పని, మీ పేరు కొట్టండి.
కోడి గింజలేరినట్టు
ఒక్కో వేలితో ఇంగ్లీషు అక్షరాలేరి కొట్టారు.
కొట్టిన ప్రతి పేరు కిందా
ఎర్రటి వంకర గీత.
మద్దిలేటి కింద ఎరుపు, తిక్కస్వామి కింద ఎరుపు,
హుసేనమ్మ కింద, ఉరుకుందమ్మ కింద.
ఊరి పేరు కొట్టమంటే
కోసిగి ఎరుపు, కౌతాళం ఎరుపు,
పెద్దతుంబళం పొడుగునా ఎరుపే.
"తప్పు రాసినామా సార్?"
మూడో తరగతి నుంచీ ఎర్రసిరాకు అలవాటుపడిన గొంతు.
లేదమ్మా,
దానికి మనం తెలీదు, అంతే.
కుడి బొత్తం నొక్కితే
డిక్షనరీలో చేర్చు అని ఉంటుంది, చేర్చు.

చేర్చింది. గీత పోయింది.
ఇక నన్ను ముందుకు పోనిస్తేనా!
వాళ్ళమ్మ పేరు చేర్చింది,
మేకలు కాసే చిన్నాయన పేరు చేర్చింది,
చచ్చిపోయిన జేజి పేరు చేర్చి కాసేపు చూసింది,
ఎద్దు పేరు చేర్చొచ్చా సార్ అంది.
చేర్చొచ్చు.

ఎక్సెల్‌లో జనవరి అని కొట్టి
మూల పట్టుకుని కిందికి లాగితే
ఫిబ్రవరి, మార్చి వాటంతటవే పడతాయి.
అందరూ లాగారు,
డిసెంబరు దాటి మళ్ళీ జనవరి దాకా.
"మనం కొట్టకపోయినా నెలలు ఎట్ల వస్తాయి సార్?"

వస్తాయి.
జనవరి వచ్చింది, ఫిబ్రవరి వచ్చింది,
హాజరు పట్టీలో పద్నాలుగు పేర్ల ఎదుట గళ్ళు ఖాళీ.
గుంటూరు వైపు సుగ్గి.
మిరపకాయలు కోయడానికి
నా క్లాసులో మూడో వంతు లారీలెక్కి పోయింది.
ఖాళీ గళ్ళను లెక్కపెట్టే సూత్రం ఒకటుంది.
ఆ వారం పాఠం అదే.
వచ్చే వారానికి నెట్టాను.
ప్రిన్సిపాలు శాతం అడిగితే మాత్రం
సూత్రం పెట్టే ఇచ్చాను.
లెక్క సరిగ్గానే వచ్చింది, అదే బాధ.

మార్చి ఆఖర్న, ప్రాక్టికల్స్ ముందురోజు
ఉరుకుందమ్మ వచ్చి తన చోట కూచుంది.
వేలి కొసల తోలు లేచిపోయి
గోళ్ళ చుట్టూ ఎరుపు.
ఈ ఎరుపుకు కుడి బొత్తం లేదు.
గుమ్మం దగ్గరి వేలిముద్ర మిషను
మూడుసార్లు నువ్వు కాదంది.
రిజిస్టరు తెచ్చి సంతకం పెట్టించాను.
"అంతా మర్చిపోయింటా సార్" అంటూనే
మౌస్ మీద చెయ్యేసింది,
అదే రొట్టె, అదే బరువు.
ఫైలుకు ఏం పేరు పెట్టాలని అడిగింది మిషను.
సుగ్గి అని పెట్టింది.

సాయంత్రం అందరూ పోయాక
మిషన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చి
ఏడో నంబరు దగ్గర మార్కులు ఎక్కించుకుంటూ కూచున్నాను.
కన్ను దురదపెడితే రుద్దుకున్నాను.
అంతే, మంట!
కుళాయి దగ్గర వంగి
దోసిళ్ళతో నీళ్ళు కొట్టుకుంటుంటే
అటెండరు బజారి వచ్చి నిలబడ్డాడు.
"ఏడుస్తాండారా సార్?"
లేదప్పా,
కీబోర్డులో కారం ఉంది.

జూన్‌లో, మిషన్లన్నీ తుడిచేసి
కొత్తగా ఎక్కించడానికి కర్నూలు నుంచి కుర్రాడొచ్చాడు.
ఏడోది పనిచెయ్యదని చెప్పాను.